తాతగారి అటక మీద దొరికిన మన్రో దొర బొమ్మ అసలుదేనా? లామినేట్ చేయించొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: గుత్తి దగ్గర మీ తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద పాత ఫ్రేములో మిలిటరీ కోటు వేసుకున్న తెల్లదొర బొమ్మ దొరికింది. కింద ఇంగ్లీషులో మేజర్ జనరల్ సర్ థామస్ మన్రో, బార్ట్., కె.సి.బి. అని ఉంది, ఎడమవైపు చిన్నక్షరాల్లో ఎం. ఎ. షీ, ఆర్.ఎ. అని కనిపిస్తోంది, కుడివైపు అక్షరాలు మరకలో కలిసిపోయాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో మీ ఇంట్లో ఉంది, తెలిసినాయన ఒకరు చూసి ఇది చాలా రేర్, ఇప్పుడే కొంటా అంటున్నారు. అసలుదా నకలా, మరకలు తీయించి లామినేట్ చేయిస్తే బాగుంటుందా అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. లామినేషన్ వద్దు, అస్సలు వద్దు. క్లీనింగ్ కూడా ఇప్పుడే వద్దు. ఆయనకి ఈ వారంలో అమ్మకండి. మీరు పెట్టిన మూడు ఫొటోలు చూస్తే ఇది ఆఫ్‌సెట్‌లో అచ్చేసిన నకలులా లేదు, రాగి రేకు మీదో స్టీలు రేకు మీదో చెక్కి తీసిన అసలు ప్రింటే అయ్యే అవకాశం బాగా ఉంది. అసలు ప్రింట్లలోనూ తేడాలుంటాయి, రేర్ అన్న మాట నిలిచేదీ పోయేదీ ఆ తేడాల దగ్గరే. ఆ తేడాలు మీరే ఇంట్లో కూర్చుని చాలావరకు చూసుకోవచ్చు, ఎలాగో రాస్తాను.

నేను నారాయణగూడలో పాత కాగితాలు బాగుచేసే పని చేస్తాను, 26 ఏళ్ళయింది. మ్యాపులు, సనదులు, ఫర్మానాలు, పాత ప్రింట్లు, ఇవే నా రోజువారీ పని. అంతకుముందు సుల్తాన్ బజార్‌లో నాన్నగారి ఫ్రేముల షాపులో కూర్చునేవాణ్ణి. అంటే ఈ బొమ్మల్ని పాడుచేసే పద్ధతులు కూడా దగ్గర్నుంచి చూసినవాణ్ణే.

మొదట ఆ అక్షరాల సంగతి చూద్దాం, ఎందుకంటే మీ బొమ్మలో నన్ను ఆపేసింది మొహం కాదు, కింద ఉన్న ఆ రెండు లైన్లు. ఒకప్పుడు కంపెనీ తరఫున మీ గుత్తి వైపు కలెక్టర్‌గా చేసిన ఈ మన్రో మేజర్ జనరల్ అయిందీ, కె.సి.బి. అనే బ్రిటిష్ బిరుదు వచ్చి సర్ అయిందీ 1819లో. బార్ట్ అంటే బారొనెట్ అనే ఇంకో బిరుదు, అది 1825లో ఇచ్చారు. కాబట్టి ఈ అక్షరాలు 1825కి ముందు చెక్కినవి కావు. ఇక రెండో వైపు, బొమ్మ గీసిన మార్టిన్ ఆర్చర్ షీ 1800లో లండన్‌లోని చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీలో సభ్యుడయ్యాడు, అదే ఆ ఆర్.ఎ. అక్షరాలు. 1830లో ఆయన అకాడమీకి ప్రెసిడెంట్ అయ్యాడు, అదే ఏడు సర్ బిరుదు కూడా వచ్చింది. 1830 తర్వాత చెక్కిన అక్షరాలైతే ఆయన పేరు ముందు సర్, వెనక పి.ఆర్.ఎ. అని ఉండాలి, పెయింటర్ పేరు వల్ల ప్రింటు అమ్ముడుపోయే రోజుల్లో పబ్లిషర్ ఆ బిరుదు వదులుకోడు కదా. మీ దాంట్లో ఉత్త ఆర్.ఎ. ఉంది. అంటే ఈ అక్షరాలు చెక్కింది 1825కీ 1830కీ మధ్య. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు, అది సరిగ్గా ఈ అయిదేళ్ళ మధ్యలోనే పడుతోంది. పేరున్న దొర పోయిన ఏడాది రెండేళ్ళలో అతని బొమ్మకి గిరాకీ ఉంటుంది, మద్రాసులోనూ లండన్‌లోనూ అతనితో పనిచేసినవాళ్ళు కొనుక్కుని గోడకి పెట్టుకుంటారు. మీది ఆ గిరాకీకి తీసిన ప్రింటే అని నా అంచనా.

ఇక్కడ ఒక జాగ్రత్త. అక్షరాలు 1827వి అయినంత మాత్రాన కాగితం 1827ది అయిపోదు. రాగి రేకు ఒకసారి తయారయ్యాక అది ఆస్తి, చేతులు మారుతుంది, యాభై ఏళ్ళ తర్వాత ఇంకొకడు అదే రేకుకి మళ్ళీ సిరా పూసి ప్రింట్లు తీస్తాడు, కింద అక్షరాలు మాత్రం పాతవే ఉంటాయి. అందుకే అక్షరాలతో పాటు కాగితాన్నీ, నలుపునీ చూడాలి.

నలుపు అంటే ఏంటో చెప్తాను. మీ రెండో ఫొటోలో కోటు భుజం దగ్గర నలుపు మఖ్మల్ గుడ్డలా మెత్తగా ఉంది, గీతలు కనపడట్లేదు. గీతలతో చెక్కితే దగ్గర్నుంచి ముగ్గు గీతల్లా అడ్డం నిలువు వరసలు కనపడతాయి, చుక్కలతో చెక్కే స్టిపుల్ పద్ధతైతే చుక్కల ముగ్గులా ఉంటుంది, ఆ చుక్కలు కూడా చేత్తో కొట్టినవి కాబట్టి ఒక్కో సైజులో ఉంటాయి. మీది రెండూ కాదు, మెజోటింట్‌లా ఉంది. దానికి ముందు రాగి రేకు మొత్తాన్ని రాకర్ అనే పళ్ళున్న పనిముట్టుతో ఊపుతూ గరుకు చేస్తారు, ఆ స్థితిలో సిరా పూసి అచ్చేస్తే కాగితం అంతా నల్లగా వస్తుంది. ఆ తర్వాత ఎక్కడ వెలుగు కావాలో అక్కడ గీకి నున్నగా చేసుకుంటూ పోతారు, నుదురు, ముక్కు, మెడల్ మీద మెరుపు, అన్నీ చీకట్లోంచి బయటికి తీసుకొచ్చినవే. ఈ పని చూస్తే నాకు ఇప్పటికీ చేతులు ఆగిపోతాయి, ఒక మనిషి నెలల తరబడి రేకు మీద వంగి ఒక్క చెంప కోసం గీకి ఉంటాడు.

అయితే ఆ గరుకు చాలా సున్నితం. ప్రెస్ రోలర్ కింద ప్రతిసారీ అరిగిపోతుంది. రాగి మెజోటింట్‌లో నిండు నలుపుతో వచ్చేవి మొదటి వందా రెండొందల కాపీలే, తర్వాతవి వెలిసిపోయినట్టు వస్తాయి. 1820ల మొదట్లో థామస్ లప్టన్ అనే ఆయన మెత్తటి స్టీలు రేకు మీద మెజోటింట్ చేసి చూపించాక ఎక్కువ కాపీలు తీయడం కుదిరింది, కానీ స్టీలులో ఆ నలుపు లోతు కాస్త తగ్గుతుంది, బూడిద రంగు కలిసినట్టుంటుంది. కాబట్టి రేర్ అంటే పాతది అని కాదు, పెద్ద దొర బొమ్మ అని కూడా కాదు. అదే రేకు నుంచి తొందరగా తీసిందా ఆలస్యంగా తీసిందా, అంచులు ఉన్నాయా కోసేశారా, అక్షరాలు ఏ దశలో ఉన్నాయి, ఇవి. అసలు అక్షరాలే లేకుండా, లేదా సన్నగా గీరిన అక్షరాలతో ముందుగా తీసే కాపీల్ని ప్రూఫ్ అంటారు, అవి తక్కువ తీస్తారు కాబట్టి కలెక్టర్లు వాటికే ఎగబడతారు. మీది పూర్తి అక్షరాలున్నది, అంటే ప్రూఫ్ కాదు, మామూలు అమ్మకం కాపీ. అది తక్కువేం కాదు, నలుపు నిలిచి ఉంటే చాలా మంచి వస్తువు.

ఇంకో మంచి సంగతి సైజు. బొమ్మ వరకే దాదాపు 15 అంగుళాల ఎత్తు అన్నారు, మడత గీతలు లేవన్నారు. ఆ రోజుల్లో ఇలాంటి దొరల జీవిత చరిత్రలు వేసినప్పుడు ముందు పేజీలో చిన్న పోర్ట్రెయిట్ పెట్టేవాళ్ళు, మన ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదా జుమ్మెరాత్ బజార్‌లోనూ అప్పుడప్పుడు దొరికేవి ఎక్కువగా అలా పుస్తకంలోంచి చించిన పేజీలే. అవీ అసలు ఎన్‌గ్రేవింగ్‌లే, అంటే రేకు మీద చెక్కి తీసిన ప్రింట్లే, కానీ పుస్తకంతో పాటు వందల్లో వేల్లో అచ్చయ్యాయి, ఒక్కోసారి ఫ్రేముకయ్యే ఖర్చు కూడా రాదు. మీది పుస్తకం పేజీ కాదు, గోడకి పెట్టుకోడానికి విడిగా అమ్మిన ప్రింటు.

ఇప్పుడు ఇంట్లో చేయాల్సిన పరీక్ష. రాత్రిపూట ట్యూబ్‌లైట్ ఆపేసి చేయండి. ఫ్రేము బల్ల మీద పడుకోబెట్టి, ఫోన్ టార్చి పక్క నుంచి, దాదాపు బల్లకి ఆనించి వేయండి. పైనుంచి వేస్తే ఏమీ కనపడదు. బొమ్మ చుట్టూ, అక్షరాల బయట, కాగితంలో నొక్కినట్టు ఒక చట్రం గుర్తు కనపడాలి, తడి కాగితం మీద రేకుని రోలర్ కింద నొక్కినప్పుడు పడే పల్లం అది, ప్లేట్ మార్క్ అంటారు. నాలుగు మూలలూ కొంచెం గుండ్రంగా ఉంటాయి. ఒకవైపు లేకపోతే అక్కడ అంచు కోసేసినట్టు. నాలుగువైపులా లేకపోతే లోపలిదాకా కోసేశారన్నమాట, లేదా అది ఎన్‌గ్రేవింగే కాదు.

తర్వాత పది రెట్ల భూతద్దం కావాలి. గుల్జార్ హౌజ్ వైపు గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునేది చాలు, అద్దం మీదనుంచే చూడొచ్చు. చెంప మీద, కాలర్ దగ్గర చూడండి. పేపర్లో ఫొటోల్లాగా ఒకే దూరంలో వరసగా చుక్కలు కనపడితే కథ అయిపోయినట్టే, అది హాఫ్‌టోన్, 1880ల తర్వాత పత్రికల్లో వచ్చినది. ఒకసారి ఒక పెద్దాయన టిప్పు యుద్ధంలో పనిచేసిన కల్నల్ ప్రింటు అని చెప్పి తెచ్చారు, బోలెడు డబ్బు పోశారు, టీ నీళ్ళు పూసి ముదురు చేసిన కాగితం, భూతద్దం పెట్టగానే చుక్కల వరసలు. ఆయన మొహం చూసి చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పక తప్పదు. ఫోటోగ్రావ్యూర్ అని ఇంకోటి ఉంది, ఫొటోని రేకు మీదకి ఎక్కించి అచ్చేసే పద్ధతి, 1879 తర్వాతది, దానికి ప్లేట్ మార్క్ కూడా ఉంటుంది కాబట్టి మోసపోవడం తేలిక. దాంట్లో నలుపు అంతా ఒకే రకం సన్న ఇసుకలా ఉంటుంది, రాకర్ పళ్ళ జాడలు ఉండవు. మెజోటింట్‌లో మాత్రం తేలికపాటి చోట, అంటే వెనక ఆకాశం దగ్గరో గోడ దగ్గరో, అటూ ఇటూ దాటుకుంటూ పోయే సన్నటి పళ్ళ వరసలు దొరుకుతాయి. అవి దొరికితే నాకు ఆ చోటు ఫొటో తీసి పెట్టండి.

కాగితం సంగతి ఫ్రేము విప్పాకే తెలుస్తుంది. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే నీటిగుర్తు కనపడొచ్చు, ఇంగ్లీషు కాగితాల్లో వాట్‌మన్ పేరు, పక్కన సంవత్సరం ఉండటం మామూలే, 1794 నుంచి సంవత్సరం వేసే అలవాటు బాగా పెరిగింది. ఆ సంవత్సరానికి ముందు ఆ ప్రింటు అచ్చయ్యే వీల్లేదు, అదొక గట్టి సాక్ష్యం. గుర్తు లేకపోయినా కంగారు పడకండి, షీటులో సగంలోనే ఉంటుంది అది, మీకు రెండో సగం వచ్చి ఉండొచ్చు.

మరకల గురించి. మీ మూడో ఫొటోలో పైనుంచి కిందకి ఒక గోధుమరంగు చార ఉంది చూశారా, మన్రో కుడి భుజం మీదుగా స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. అది తేమ మరక కాదండి. వెనక రెండు చెక్కలు కలిపి కొట్టి ఉంటారు, ఆ రెంటి మధ్య సందులోంచి గాలి, దుమ్ము వందేళ్ళు లోపలికి పోయి అక్కడ మాత్రమే కాగితం కాలినట్టయింది. మిగతా లేత పసుపు చెక్కలోని ఆమ్లం దిగడం వల్ల. ఈ చార సగానికి పైగా తగ్గించొచ్చు, కానీ అది బ్లీచింగ్ పౌడర్‌తో చేసే పని కాదు. బ్లీచ్ వేస్తే ఆ రోజుకి తెల్లగా మెరుస్తుంది, కొన్నేళ్ళకి కాగితం బిస్కెట్‌లా విరుగుతుంది.

నేను కూడా ఒకటి పాడుచేశాను, పనిలో కొత్త రోజుల్లో. ఒక ఆర్మీ ఆఫీసర్ ఎన్‌గ్రేవింగ్, మంచి కాగితం, వెనక పక్క ఊదారంగు లైబ్రరీ ముద్ర ఉంది. పాత అచ్చు సిరా నూనెతో కలిపింది, నీళ్ళకి కదలదు అని నాకు తెలుసు, ఆ ధైర్యంతో ట్రేలో నీళ్ళు పోసి మొత్తం ముంచేశాను. అచ్చు సిరా కదల్లేదు, నిజమే. ముద్ర కరిగింది. రెండు నిమిషాల్లో ఊదారంగు కాగితం దాటి ముందుకొచ్చి ఆయన గడ్డం దాకా పాకింది. ఎంత చేసినా పూర్తిగా పోలేదు. ఆ తెచ్చినావిడ ఏమీ అనలేదు, చుట్టి తీసుకెళ్ళిపోయారు, ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే బాధే. అప్పట్నుంచి ప్రతి ముద్ర, ప్రతి చేతిరాత మీద దూదిపుల్లతో ఒక్క బొట్టు పెట్టి చూడందే నీళ్ళ దగ్గరికి పోను. మీది ఎవరికి ఇచ్చినా ముందు ఆ పరీక్ష చేస్తారా అని అడగండి, ఎందుకండీ అదంతా అంటే ఇంకోచోటికి వెళ్ళండి.

లామినేషన్ ఎందుకు వద్దంటున్నానంటే, వేడికి కరిగే ప్లాస్టిక్ కాగితం పీచుల్లోకి దిగిపోతుంది, తిరిగి తీయడం దాదాపు అసాధ్యం. మెజోటింట్ నలుపు కాగితం పైన పొడిలా నిలబడి ఉంటుంది, ఆ వేడి రోలర్ దాన్ని అణిచేస్తుంది, మఖ్మల్ పోయి జిరాక్స్‌లా తయారవుతుంది. ఫెవికాల్, సెల్లో టేప్ కూడా అంతే. ఫ్రేము షాపువాళ్ళు ఇంకో పని చేస్తారు, రెడీమేడ్ ఫ్రేములో పట్టట్లేదని అంచులు కోసేస్తారు. నగరంలోనే ఒక షాపులో ఒక కుటుంబం స్ట్రింజర్ లారెన్స్ అనే పాతకాలపు కంపెనీ సైన్యాధికారి ప్రింటు ఇస్తే, అక్షరాల పట్టీ మొత్తం కోసి చెత్తబుట్టలో వేశారు, బొమ్మ నీట్‌గా కనపడుతుంది కదా సార్ అన్నారట. పేరు, పెయింటర్, చెక్కినాయన, పబ్లిషర్ అడ్రసు, తేదీ, అన్నీ ఆ రెండంగుళాల్లో ఉండేవి. ఇంగ్లండులో 1735 నుంచి ఎన్‌గ్రేవింగ్‌లకి కాపీరైట్ చట్టం ఉంది, హక్కు కావాలంటే రేకు మీద పేరూ తేదీ ఉండాలి, అందుకే ప్రింట్ల కింద అంత సమాచారం దొరుకుతుంది. మీ కుడివైపు మరకలో ఉన్నది చెక్కినాయన పేరు, స్కల్ప్‌ట్ అనో ఎన్‌గ్రేవ్డ్ బై అనో ఉంటుంది. ఇంకా కింద సన్నగా పబ్లిష్డ్ అని మొదలయ్యే లైను ఫ్రేము చెక్క కింద దాక్కుని ఉండొచ్చు. అది బయటపడితే నేను పైన వేసిన అయిదేళ్ళ లెక్క రోజుతో సహా తేలిపోతుంది.

కొంటానన్నాయన గురించి నాకు చెడు అభిప్రాయం ఏమీ లేదు. కానీ ఫ్రేము విప్పకుండా, కాగితం చూడకుండా ధర చెప్పేవాళ్ళకి అమ్మకండి. బయటి దేశంలో ఎక్కువొస్తుంది అని ఎవరైనా అంటే ఒకటి గుర్తుంచుకోండి, 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి కళావస్తువుల్ని సొంతంగా విదేశాలకి పంపడం నేరం, కొరియర్‌లో చుట్టి పంపేద్దాం అంటే కుదరదు.

అమ్మకపోతే ఎలా ఉంచాలి అంటే: ఆమ్లం లేని కాటన్ బోర్డు మౌంటు, జపాన్ టిష్యూ అనే సన్నటి కాగితం పట్టీలు, గోధుమ పిండిలోంచి తీసిన స్టార్చ్ జిగురు. అద్దం కాగితానికి తగలకూడదు, మధ్యలో మౌంటు మందం ఉండాలి. మన దగ్గర జూలై నుంచి బయటి గోడలు చెమ్మ తాగుతాయి కాబట్టి లోపలి గోడకే పెట్టండి, ఎండ పడే కిటికీ ఎదురుగా వద్దు. చెదలు, వెండిరంగు పురుగులు ఉంటాయని చాలామంది ఫ్రేము వెనక కలరా ఉండలు దూరుస్తారు, అవి కాగితానికి తగిలేలా పెట్టకండి, ఆరు నెలలకోసారి దించి వెనక చూసుకుంటే చాలు.

చివరిగా, ఇది గుత్తిలో దొరకడం నాకు చాలా పెద్ద విషయం. 1800లో నిజాం ఆ జిల్లాలు కంపెనీకి రాసిచ్చాక, అవే దత్త మండలాలు, 1807 దాకా అక్కడ కలెక్టర్‌గా తిరిగింది ఈయనే. కంపెనీ మనిషి, పన్ను వసూలుకే వచ్చాడు, అది మర్చిపోనక్కర్లేదు. అయినా అక్కడి జనం మన్రోలప్ప అని పిల్లలకి పేర్లు పెట్టుకున్నారు. పత్తికొండలో పోయాక మొదట పాతిపెట్టింది మీ గుత్తిలోనే, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. అలాంటి ఊళ్ళో ఒక ఇంటి అటక మీదకి ఈ ప్రింటు ఎలా వచ్చింది? తాతగారు కొన్నారా, కచేరీలో పనిచేసిన పెద్దలెవరికైనా ఇచ్చారా, వేలంలో వచ్చిందా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు, మేనత్తలు ఎవరైనా ఉంటే ఈ వారమే ఫోన్ చేసి అడిగి, వాళ్ళు చెప్పింది తేదీ వేసి రాసుకోండి.

ఫ్రేము విప్పేటప్పుడు నేలమీద పాత దుప్పటి పరిచి, మేకులు ఒక్కోటీ ప్లయర్‌తో తిన్నగా లాగండి, సుత్తితో కొట్టొద్దు. వెనక చెక్కలకి అంటించిన షాపు లేబులో, పెన్సిల్‌తో నంబరో, పాత పేపరు ముక్కో ఉంటే పారేయకుండా ఒక కవర్లో వేసి పెట్టండి, ఆ చెక్కలు కూడా ఉంచండి. తర్వాత మూడు ఫొటోలు పంపండి: కుడివైపు అక్షరాలు, ఫ్రేము కింద దాక్కున్న అంచు, కాగితం వెనక పక్క. అవి చూశాక చెక్కినాయన పేరు చదవడానికి నేను కూర్చుంటాను.